దోమకు రెక్కలు రాకముందే

నాలుగు వానలు పడ్డాయంటే చాలు, హైదరాబాద్ బస్తీల్లో సాయంత్రం పూట ఫాగింగ్ మెషిన్ చప్పుడు మొదలవుతుంది. పిల్లలు పొగ వెంట పరుగెడతారు, పెద్దలు తలుపులు బిగిస్తారు, గల్లీ లీడర్ ఫొటో దిగుతాడు. తలుపులు బిగించాక పొగ వీధికే పరిమితం. డెంగీని మోసుకొచ్చే ఏడిస్ దోమ లోపల మంచం కిందో, కొక్కేనికి వేలాడే బట్టల వెనకో హాయిగా కూర్చునే ఉంటుంది. ఫాగింగ్ అసలే వద్దని మేం అనడం లేదు. ఒక కాలనీలో వరసగా జ్వరాలు వస్తున్నప్పుడు ఎగిరే దోమల్ని తగ్గించడానికి అదీ కావాల్సిందే. కానీ దోమల నివారణ అంటే పొగే అన్నట్టు తయారైంది పరిస్థితి. ఇందులో తప్పు బల్దియాది (నగరపాలక సంస్థది) మాత్రమే కాదు. ఫిర్యాదు చేసే జనం అడిగేదీ పొగనే, కంటికి కనిపించే పని అదొక్కటే కాబట్టి.

మన వాతావరణంలో గుడ్డు నుంచి దోమ బయటకు రావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందులో ఎక్కువ రోజులు అది లార్వాగా నీళ్లలోనే ఉంటుంది. ఎగిరిపోలేదు, ఇంకో వీధికి మారలేదు. కడుతున్న ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌కైనా వెళ్లి, నిలిచిన నీళ్లలో ఫోన్ టార్చ్ వేసి చూడండి. తల కిందికి, తోక పైకి పెట్టి వేలాడుతుంటాయి. నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు దిగిపోతాయి, కాసేపటికి మళ్లీ పైకొస్తాయి. రాక తప్పదు. క్యూలెక్స్, ఏడిస్ దోమల లార్వాలు తోక వైపున్న గొట్టంతోనే గాలి పీల్చుకుంటాయి. మలేరియా దోమ అనాఫిలస్ లార్వాకు ఆ గొట్టం ఉండదు, నీటి పైపొరకు అడ్డంగా ఆనుకుని ఉంటుంది. ఈ మూడూ గాలి కోసం పైకి రావాల్సిందే. నీటిపై పరుచుకున్న నూనె ఆ గాలి అందకుండా చేస్తుంది, లార్వా చిక్కేది అక్కడే.

ఈ సంగతి మన మున్సిపాలిటీలకు తెలియంది కాదు. మురుగు గుంటల్లో ఆయిల్ బాల్స్ వేయడం ఏళ్లుగా ఉన్నదే. రంపపు పొట్టును మూటగట్టి, వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టి నీళ్లలో పడేస్తారు. లార్వా చస్తుంది, నిజమే. దాంతోపాటు ఆ ఆయిల్‌లోని లోహాలు, విషాలు కూడా నీళ్లలోకి దిగుతాయి. వాన ఎక్కువైతే నాలాల మీదుగా చెరువులకు, మూసీకి చేరతాయి. మూట ఆలోచన మంచిది, అందులో పోసే నూనే తప్పు. మూటను అలాగే ఉంచి, ఇంజిన్ ఆయిల్ బదులు వేపనూనె వాడి చూడమన్నదే మా మాట.

ఇది గాలి మాట కాదు. 1990లలోనే మన దేశంలోని మలేరియా పరిశోధకులు చెక్క పొట్టు బంతులకు వేపనూనె పట్టించి నీళ్ల ట్యాంకుల్లో వేసి చూశారు. నెలన్నర పాటు దోమలు పెరగలేదు. 2009లో వెలువడిన మరో అధ్యయనం వేపనూనెను నీటిలో కలిసిపోయేలా తయారుచేసి పరీక్షించింది. 10 లక్షల పాళ్ల నీటికి 2 పాళ్లు కూడా పోయకముందే మూడు రకాల దోమల లార్వాల్లోనూ సగం చచ్చాయి. వేప ఊపిరి ఆపి ఊరుకోదు. అందులోని అజాడిరక్టిన్ లార్వా కుబుసం విడవడానికి కావాల్సిన హార్మోన్ మీద దెబ్బకొడుతుంది, పెద్దది కాలేక మధ్యలోనే చస్తుంది. వేపలో ఇలాంటి పదార్థాలు అనేకం కలిసి ఉంటాయి కాబట్టి, ఏళ్ల తరబడి చల్లిన టెమెఫాస్ అనే లార్వాల మందుకు అలవాటు పడ్డట్టు దోమ దీనికి అంత తేలిగ్గా అలవాటు పడదు.

అలాగని మొక్కల నూనెలన్నిటికీ చప్పట్లు కొట్టలేం. నిమ్మగడ్డి, లవంగం, నారింజ తొక్క, ఇలా ఎన్నో నూనెలు ల్యాబ్‌లో లార్వాలను చంపాయి. బయట ఎండకు ఇట్టే ఆవిరైపోతాయి, ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. సెంటు సీసా వాడినట్టు వాడి నాలాలను బాగుచేయలేం. మొక్క నుంచి వచ్చింది కదా, ప్రమాదం లేదనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. పేలకు సీతాఫలం గింజల పొడి రాసే అలవాటు మన ఇళ్లలో ఉంది. అది కంట్లో పడితే చూపుకే ఎసరు. వేపనూనె కూడా మోతాదు మించితే చేపలకు చేటు. ఎండలో దాని బలమూ తగ్గుతుంది కాబట్టి మళ్లీ మళ్లీ వేయాలి.

అందుకే ఎక్కడ వాడాలో తేల్చుకోవడం ముఖ్యం. తాగే నీళ్ల సంపులో వద్దు, అక్కడ మూత సరిగ్గా బిగిస్తే చాలు. కూలర్లు, డ్రమ్ములు, పూలకుండీల కింది పళ్లేలు వారానికోసారి వంపేసి గోడలు రుద్ది కడగాలి. ఏడిస్ గుడ్లు గోడకు అంటుకుని నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి. గుర్రపుడెక్క కమ్మేసిన మూసీకి నూనె మందు కాదు, అక్కడ పీకి పారేయడమే. వేప మూటలు పనికొచ్చేది వంపలేని, ఎవరూ తాగని, చేపలు లేని నిలవ నీళ్లకు. సెల్లార్లు, లిఫ్ట్ గుంతలు, పాడుబడ్డ బావులు, ఖాళీ ప్లాట్లలోని గుంటలు. ఈ నగరంలో వాటికి కొదవా?

వేపనూనె దొరకదన్న సాకు చెల్లదు. ఎరువుల దుకాణానికి వెళ్తే 1500 పీపీఎం, 10000 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఇన్ని పాళ్లు) అంటూ అజాడిరక్టిన్ మోతాదు రాసిన డబ్బాలు వరసగా ఉంటాయి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, చిటికెడు సర్ఫ్ కలిపి పిచికారీ చేయడం పత్తి రైతుకు కొట్టిన పిండి. దేశంలో యూరియాకు వేపపూత తప్పనిసరై 2015 నుంచి పదేళ్లు దాటింది. కాకపోతే యూరియా వల్ల నూనెకు గిరాకీ పెరిగింది, కల్తీ కూడా ఉంది. కొనే ముందు మోతాదు పరీక్ష చేయించకపోతే వట్టి నూనెకు బిల్లు కట్టినట్టే. ప్రజారోగ్యానికి వాడే క్రిమిసంహారకాలకు కేంద్ర రిజిస్ట్రేషన్ నిబంధనలున్నాయి, వాటినీ ముందే చూసుకోవాలి.

1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. లార్వాలను సీసాల్లో పెంచి, వచ్చిన దోమలను రోగి మీద కుట్టించి, ఒక్కొక్కటిగా కోసి చూశాడు. ఏటా ఆ రోజున బేగంపేటలో ఆయనకు దండలు వేయడంతో సరిపెడుతున్నాం. ఆ ఓపికలో పదోవంతు చాలు ఇప్పుడు. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది, రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. బల్దియా ఎంటమాలజీ (కీటకాల) విభాగం వాళ్లతో కూర్చుని, వచ్చే వానాకాలంలోపు కొన్ని వార్డుల్లో వేప మూటలు, పక్క వార్డుల్లో మామూలు పద్ధతి పెట్టాలి. వారం వారం అవే గుంటల్లో గరిటెతో నీళ్లు తీసి, గరిటెకు ఎన్ని లార్వాలున్నాయో లెక్కపెట్టాలి. ఆ లెక్క బాగున్నా బాగాలేకున్నా వార్డు ఆఫీసు గోడకు అంటించాలి. ఖర్చు కోసం వెతుక్కోనక్కర్లేదు, ఫాగింగ్ డీజిల్ బిల్లులో కొంత ఇటు మళ్లిస్తే సరిపోతుంది.