అమ్మవారు చందాదారులకు కృతజ్ఞతలు చెబుతుందా?

కిందటి ఆషాఢంలో మన సంఘం బోనాల వేడుకలో రంగం, అంటే ఒక స్త్రీ నోట అమ్మవారు భవిష్యవాణి పలికే ఘట్టం, కూడా పెట్టారు. ముఖానికి పసుపు రాసుకున్న ఒక అమ్మాయి కుండ మీద నిలబడి, ఈ ఏడు అందరికీ పదోన్నతులు వస్తాయనీ, దాతల కుటుంబాలు చల్లగా ఉంటాయనీ పలికింది. హాలంతా చప్పట్లు. అమ్మాయి చక్కగానే చేసింది, నా పేచీ ఆ మాటలు రాసిచ్చిన పెద్దలతో. సికింద్రాబాదులో పుట్టి పెరిగిన నేను, అమ్మవారు చందాదారులను పొగడటం ఎన్నడూ వినలేదు.

లష్కర్ (సికింద్రాబాదు) బోనాల మర్నాడు, సోమవారం, ఉజ్జయినీ మహంకాళి గుడిలో జరిగే రంగం వేరు. పచ్చికుండ మీద నిలబడిన ఆమెను వానలు పడతాయా, రోగాలు వస్తాయా, మా పూజలతో తృప్తి పడ్డావా తల్లీ అని అడుగుతారు. ఆమె దీవిస్తుంది, నిజమే. కానీ పూజలు మొక్కుబడిగా చేస్తున్నారని కోప్పడిన ఏళ్లూ ఉన్నాయి. నాయకులు, అధికారులు, పూజారులు చేతులు కట్టుకుని వింటారు. మిగతా రోజుల్లో దారిలో ఎదురుపడితే ఆమెను గుర్తుపడతారో లేదో!

ఆ గుడి పుట్టిందే భయంలోంచి. 1813లో ఇక్కడ గత్తర (కలరా) లేచింది. ఉజ్జయినికి బదిలీ అయిన పటాలంలో డోలీలు మోసే సురిటి అప్పయ్య అక్కడి మహాకాళికి మొక్కుకున్నాడనీ, 1815లో తిరిగొచ్చి కొయ్య విగ్రహం నిలిపాడనీ స్థలచరిత్ర చెబుతుంది. మందు తెలియని రోగాన్ని ఏం చేస్తాం? తల్లీ అని పిలవగలిగితే కనీసం మొర పెట్టుకోవడానికి ఒకరు దొరుకుతారు. ఆ తల్లికి నోరిచ్చే మనిషి శివసత్తు.

ఇలా దేవతలతో, ఆత్మలతో మాట్లాడే మనిషిని కొందరు షామన్ అంటారు. ఆ మాట సైబీరియాలోని ఎవెంకీ అనే తెగ భాష నుంచి వచ్చింది. డోలు దరువు మీద షామన్ ఆత్మ వేరే లోకాలకు వెళ్లి, రోగి నుంచి తప్పిపోయిన ప్రాణాన్ని వెదికి తెస్తుందని అక్కడి నమ్మకం. మన శివసత్తు ఎక్కడికీ వెళ్లదు, అమ్మవారే ఆమె మీదికి వస్తుంది. అందుకని ఇద్దరినీ ఒకే గాటన కట్టడం తొందరపాటు. అయితే డోలో జమిడికో మోగాలి, చుట్టూ జనం ఉండాలి, వాళ్ల దిగులు ఒక్క నోట పలకాలి. అంతవరకు ఇద్దరి కొలువూ ఒకటే.

ఇదంతా మూఢనమ్మకం కాదా అని మా అబ్బాయి అడిగాడు. మూర్ఛ వస్తే డాక్టరు దగ్గరికే వెళ్లాలి, అందులో నాకు రెండో మాట లేదు. గది తలుపులు మూసి తాయెత్తు కట్టి డబ్బు గుంజే బాబాను నేను ఒక్క క్షణం కూడా సమర్థించను. రంగం జరిగేది నలుగురిలో. అక్కడ అడిగింది, చెప్పింది అందరూ వింటారు. తేడా అక్కడుంది.

గౌరవం చాటున క్రూరత్వమూ ఉంది. దేవతకు అంకితమంటూ జోగినులుగా మార్చి ఊరి మగవాళ్ల పాలు చేసిన దళిత ఆడపిల్లల బతుకులు ఏమయ్యాయో తెలంగాణ పల్లెలకు తెలుసు. 1988లో చట్టం చేసి నిషేధించాల్సి వచ్చింది. బోనాల ఫొటోల్లో ఆ సంగతి కనపడదు.

మరి మన సంఘం రంగం మానేయాలా? నటించడమైతే మానేయమనే అంటాను. ఆ పది నిమిషాలు, వేడుక అయ్యాక రాత్రి పదకొండింటికి గిన్నెలు తోమే ఆడవాళ్లలో ఒకరికి మైకు ఇవ్వండి. మొన్ననే వచ్చి, ఎవరూ పలకరించక మూల కుర్చీలో కూర్చున్న విద్యార్థికి ఇవ్వండి. కార్యవర్గం ముందు వరసలో కూర్చుని బదులు చెప్పకుండా వినాలి. (నేనూ కార్యవర్గంలో ఉన్నాను, నాకూ కష్టమే.)

మా గల్లీలో బట్టలు ఇస్త్రీ చేసే ఆమెకు బోనాల నాడు శిగం (పూనకం) వచ్చేది. ఒక ఏడు వానలు ఆలస్యమయ్యాయి. మా ఇంటి ఓనరు వాకిట్లో బోరింగుకు తాళం వేసి, అద్దెకున్నవాళ్లకు తప్ప బయటివాళ్లకు నీళ్లు లేవన్నాడు. ఆ ఆదివారం ఆమె వేపమండలతో ఊగుతూ వచ్చి ఆయన ఎదుట ఆగింది. “పిల్లలు బిందెలు పట్టుకుని వీధులు తిరుగుతుంటే నాకు సాక పోస్తావురా? నా గొంతు దిగుతుందా?” అంది. ఆయన తల ఎత్తలేదు. పలికింది అమ్మవారా, బిందె పట్టుకుని తిరుగుతున్న ఆమేనా అని ఎవరూ అడగలేదు.

మంగళవారం పొద్దున ఆమె ఇస్త్రీ బట్టలు తెచ్చి ఎప్పటిలాగే గడప బయట నిలబడింది. ఆయన మడతలు లెక్కపెట్టుకుని డబ్బులిచ్చాడు. బోరింగుకు తాళం లేదు.