గుమ్మడి నర్సయ్య సైకిల్‌కి దండం పెట్టాం సరే, ఆయన ఎలా గెలిచాడో ఎప్పుడైనా చూశామా?

2025లో ఒక వీడియో అందరి ఫోన్లలో తిరిగింది, మీరూ చూసే ఉంటారు. ఖమ్మం ఏజెన్సీలోని ఇల్లెందు నుంచి ఐదుసార్లు ఎమ్మెల్యేగా చేసిన గుమ్మడి నర్సయ్య గారు హైదరాబాద్‌లో సీఎం ఇంటి దగ్గర రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు, లోపలికి పంపలేదు. నాకు అది ఆరేడు గ్రూపుల నుంచి వచ్చింది, ప్రతిచోటా కింద అదే మాట, "ఇలాంటోళ్ళు ఇప్పుడెక్కడున్నారు సార్", ఇంకో నాలుగు దండాలు. గేటు దగ్గర ఆపినందుకు ఎంత బాధ వేసిందో ఈ దండాలు చూస్తే కూడా నాకు అంతే బాధ వేసింది. ఆయన ఎక్కడికీ పోలేదు కదా, 2009లో ఓడిపోయారు, ఆ తర్వాత మళ్ళీ అసెంబ్లీకి రాలేదు, అంతే. మెచ్చుకోవడం ఒకటి, గెలిపించడం ఇంకొకటి, ఈ రెండిటి మధ్య ఏం జరిగిందో మాట్లాడుకోకుండా సైకిల్ మీద తిరిగిన ఆయన ఫొటో ఫార్వర్డ్ చేసుకుంటూ కూర్చున్నాం.

అసలు కథ చూడండి. ఇల్లెందు అంటే పాత పేరు బొగ్గుట్ట, సింగరేణి బొగ్గు మొదట తవ్వింది అక్కడే, కంపెనీకి ఆ పేరు వచ్చింది కూడా పక్కనున్న సింగరేణి ఊరి నుంచే. బొగ్గు బయటికి పోయింది, చుట్టూ ఉన్న కోయ గూడేలు మాత్రం అలాగే ఉండిపోయాయి. అక్కడ సింగరేణి మండలం టేకులగూడెం అనే ఊరి నుంచి వచ్చిన కోయ మనిషి నర్సయ్య. 1983లో ఎన్టీఆర్ గాలికి రాష్ట్రం మొత్తం కొట్టుకుపోతుంటే ఎస్టీ రిజర్వుడు సీటు ఇల్లెందులో ఈయన గెలిచారు. మళ్ళీ 1985, 1989. 1994లో ఓడిపోయారు, 1999లో గెలిచారు, 2004లో గెలిచారు. వెనక ఉన్నది సీపీఐ ఎంఎల్, తర్వాత న్యూడెమోక్రసీ అయిన చిన్న కమ్యూనిస్టు పార్టీ, ఎలక్షన్ కమిషన్ లెక్కలో పెద్ద పార్టీ కూడా కాదు. ఇరవై ఒక్క ఏళ్ళలో ఐదుసార్లు గెలవడం ఒక్క మనిషి మంచితనంతో అయ్యే పని కాదని నా నమ్మకం, నేను చెప్పదలుచుకున్నది కూడా ఇదే.

ఎమ్మెల్యే జీతం ఆయన చేతికి వచ్చి ఇంటికి పోయేది కాదు, పార్టీకి పోయేది, పార్టీ ఇచ్చే ఖర్చులతో ఆయన బతికేవారు. మనం దీన్ని త్యాగం అంటాం, గొప్ప మనసు అంటాం, నిజమే, కానీ అది ముందుగా ఒక పద్ధతి. కమ్యూనిస్టుల్లో ఎప్పటినుంచో ఉన్నదే. నకిరేకల్ నుంచి ఆరుసార్లు గెలిచిన సీపీఎం నర్రా రాఘవరెడ్డి గారూ అలాగే బతికారు, గొల్లసుద్దులు చెప్పి జనాన్ని కూడగట్టిన మనిషి ఆయన. పుచ్చలపల్లి సుందరయ్య గారి గురించైతే చెప్పక్కర్లేదు, సైకిల్ మీద పార్లమెంటుకి పోయిన ముచ్చట అందరికీ తెలుసు, ఆయన గన్నవరం ఎమ్మెల్యేగా కూడా చేశారు. వీళ్ళందరికీ టికెట్ ఇచ్చింది, ఊళ్ళో గోడల మీద రాసింది, బూతు దగ్గర కూర్చున్నది సంఘం. డబ్బు పెట్టి గెలవలేదు కాబట్టి గెలిచాక ఆ డబ్బు రాబట్టుకోవాల్సిన అవసరం రాలేదు, లెక్క ఇంత సింపుల్. ఇప్పుడేమో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు అని రూల్ ఉంది, ఆ పరిమితి లోపలే అయిపోతుందని ఊళ్ళో ఎవర్నైనా నమ్మించి చూడండి. తెలంగాణలో 2016లో ఎమ్మెల్యే జీతభత్యాలు నెలకి రెండున్నర లక్షలు చేశారు, ఐదేళ్ళు పైసా ముట్టకుండా దాచినా కోటిన్నర, పెట్టిన ఖర్చు దాంతో తీరదని పోటీ చేసేవాళ్ళకే ముందు తెలుసు.

ఇంక పని సంగతి. ఏజెన్సీలో ఎమ్మెల్యే అంటే రోడ్లు, శంకుస్థాపనలు తర్వాత మాట, ముందు పోడు. కోయ రైతు అడవి కొట్టి జొన్నో మొక్కజొన్నో వేసుకుంటాడు, ఫారెస్టోళ్ళు వస్తారు, ట్రెంచ్ కొడతారు, కేసు పెడతారు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉంటే పది ఎకరాల దాకా పట్టా ఇవ్వాలి. వినడానికి బాగానే ఉంది. కాగితం ఎలా నడుస్తుందో చూడండి, ముందు గ్రామసభలో క్లెయిమ్, దాన్ని పరిశీలించడానికి ఊరి అటవీ హక్కుల కమిటీ, ఆ పైన డివిజన్ కమిటీ, ఆ పైన కలెక్టర్ దగ్గర జిల్లా కమిటీ. రుజువులు కనీసం రెండు ఉండాలి. చదువు రాని మనిషి దగ్గర రుజువు ఏముంటుంది? పాత జరిమానా రసీదు, ఆయన వేసుకున్న పొలం గట్టు, ఊరి పెద్దమనిషి చెప్పింది రాసుకున్న కాగితం, ఇవి కూడా చెల్లుతాయని చట్టంలోనే ఉంది, కానీ ఆ సంగతి చెప్పేవాడు పక్కన లేకపోతే ఆఫీసులో "సర్వే నంబర్ ఏది" అని ఒక్క మాట అని పంపించేస్తారు. అప్పుడు ఎవరో ఒకరు ఆ కాగితం పట్టుకుని టేబుల్ టేబుల్‌కి తిరగాలి. బీడీలు చుట్టే తునికాకు కట్ట రేటు అయినా అంతే, సీజన్ మొదలవ్వకముందే కొట్లాడాలి, ఆకు కోసేశాక రేటు అడిగితే ఎవరిస్తారు. ఈ తిరుగుడు చేసే ఎమ్మెల్యే బస్సులో వస్తాడా కారులో వస్తాడా అన్నది నాకు చిన్న విషయం. బస్సులో వచ్చి ఏ పనీ చేయనివాడైతే ఆ బస్సుతో మనకేం ఒరుగుతుంది?

మరి ఎందుకు ఓడారు? చాలామంది డబ్బు అంటారు, కాదనను, కానీ 2009కి ముందు ఇంకోటి జరిగింది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. నియోజకవర్గాల పునర్విభజన. న్యూడెమోక్రసీకి గట్టి పట్టున్న గుండాల మండలం కొత్తగా వచ్చిన పినపాకలోకి పోయింది. ఆయన సొంత మండలం సింగరేణి వైరాలోకి పోయింది. ఇరవై ఐదేళ్ళుగా ఒక్కో గూడెంలో కట్టుకున్న సంఘాలని మ్యాప్ మీద గీత గీసి మూడు ముక్కలు చేసినట్టయింది. పెద్ద పార్టీకి ఇది పెద్ద దెబ్బ కాదు, ఎక్కడైనా గుర్తు ఉంటుంది, డబ్బు ఉంటుంది, ఊరి మీదే బతికే చిన్న పార్టీకి మాత్రం నడుం విరుగుతుంది. తర్వాత న్యూడెమోక్రసీ కూడా చీలిపోయింది, అది వాళ్ళ స్వయంకృతం, దానికి ఓటర్లని అనడానికి లేదు.

ఆయన తర్వాత ఆ సీటు ఏమైందో కూడా చూడాలి. 2014లో కాంగ్రెస్ గుర్తు మీద గెలిచినవారు టీఆర్ఎస్‌లోకి వెళ్ళారు. 2018లో కాంగ్రెస్ గుర్తు మీద గెలిచినవారూ టీఆర్ఎస్‌లోకే వెళ్ళారు. నియోజకవర్గం అభివృద్ధి కోసం అన్నారు, అందరూ అదే అంటారు. న్యూడెమోక్రసీ పంథాతో నాకు చాలా విషయాల్లో పేచీ ఉంది, అయినా ఈ ఒక్కటి ఒప్పుకోవాలి, ఐదుసార్లు గెలిచిన మనిషి అన్నిసార్లూ ప్రతిపక్షంలోనే కూర్చున్నారు, కండువా మారలేదు.

ఇప్పుడాయన జీవితం మీద సినిమా కూడా తీస్తున్నారు, కన్నడ హీరో శివరాజ్‌కుమార్ ఆయన పాత్ర వేస్తున్నారు. రానివ్వండి, కుర్రాళ్ళకి పేరైనా తెలుస్తుంది. నా భయమల్లా తెర మీద మళ్ళీ సైకిల్ ఒక్కటే మిగులుతుందేమోనని, గ్రామసభలో కింద కూర్చుని క్లెయిమ్ ఫారం నింపే సీన్ ఎవరు తీస్తారు, అది చూడ్డానికి బోర్ కొడుతుంది కదా.

ఆ గేటు దగ్గరికి ఆయన వచ్చింది సొంత ఇంటి పని మీద కాదు, ఏజెన్సీ జనం సమస్యలు చెప్పుకోవడానికి. పదవి పోయి అప్పటికి పదహారేళ్ళు.