పొగగొట్టం ప్రవేశంపై కొన్ని గౌరవపూర్వకమైన అభ్యంతరాలు

మే నెలలో విజయవాడ వాసికి నీళ్లు కాచుకునే ఖర్చు లేదు. మేడ మీది ట్యాంకు ఆ పనిని పొద్దున పదింటికల్లా పూర్తి చేసి పెడుతుంది. మధ్యాహ్నం కుళాయి తిప్పి కింద చేయి పెట్టినవాడు రెండోసారి పెట్టడు. రాత్రే బకెట్లు నింపి పెట్టుకుని, తెల్లారేసరికి చల్లారిన నీళ్లతో స్నానం కానిచ్చే ఊరు మాది. అదే ఊరు, కార్తీకం దాటి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు ఒక్క మెట్టు కిందికి దిగిందో లేదో, చెవులకు మఫ్లర్లు చుట్టుకుని, ‘ఈ ఏడు చలి మరీ దారుణమండీ’ అని ఒకరినొకరు పరామర్శించుకుంటూ వెళ్లి గ్యాస్ గీజర్లు కొనుక్కుంటుంది. వేకువనే దుర్గాఘాట్‌లో మూడు మునకలు వేసి వచ్చే పుణ్యాత్ముల మాట వేరు. వారికి గీజరూ అక్కర్లేదు, ఈ వ్యాసమూ అక్కర్లేదు. మిగిలిన గృహస్థుల కోసం, ఆ గీజరు నెత్తిన ఉండవలసిన పొగగొట్టం మన ఇళ్లలోకి ఎందుకు రాలేకపోతున్నదో, దాని రాకను ఆక్షేపిస్తున్న పెద్దల అభిప్రాయాలేమిటో, తగిన గౌరవంతో ఇక్కడ నమోదు చేయదలచాను.

మొదటి అభిప్రాయం గీజరు బిగించడానికి వచ్చిన మెకానిక్‌ది. పెట్టెలో గీజరుతో పాటు ఒక కరపత్రం వచ్చింది. దీన్ని మూసిన గదిలో పెట్టరాదనీ, కాలిన వాయువులను గొట్టం ద్వారా ఆరుబయటికి పంపాలనీ అందులో బొద్దు అక్షరాలతో అచ్చువేశారు. అతడు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, దోనెలా వంచి, టైల్సుకు బెజ్జం వేస్తున్నంతసేపూ డ్రిల్లింగు మిషను కింద పట్టుకోమని నా చేతికిచ్చాడు. తెల్లటి పొడి అంతా అందులోనే పడింది. నేల మీద చిటికెడు కూడా రాలలేదు. కరపత్రాలు ఇంత ప్రయోజనకరంగా ఉంటాయని నాకు అంతకుముందు తెలియదు. పొగగొట్టం సంగతి అడిగితే, ‘ఎందుకు సార్, తలుపు కింద సందుందిగా’ అన్నాడు. సందు ఉన్న మాట నిజమే. బొద్దింకలు దాని గుండా ఏ ఇబ్బందీ లేకుండా రాకపోకలు సాగించడం నేను కళ్లారా చూసినవాణ్ణే కనుక, ఆ వాదాన్ని వెంటనే తోసిపుచ్చలేకపోయాను.

అయినా గోడకు చిల్లు పెట్టించవలసిందేనని నేను పట్టుబట్టడంతో మా మామగారు వాస్తు సిద్ధాంతి గారిని పిలిపించారు. ఆయన దిక్సూచిని సబ్బుపెట్టె మీద పెట్టి చూసి, బాత్రూము బయటి గోడ నైరుతిలో పడిందనీ, నైరుతిలో రంధ్రం పెడితే యజమానికి ఆయుఃక్షీణమనీ తేల్చారు. అగ్ని ఆగ్నేయంలో ఉండాలని కదా శాస్త్రం, మరి స్నానాల గదిలో నైరుతి మూలన గంటకు కిలోకు కాస్త తక్కువగా గ్యాసు మండించడం మాటేమిటని వినయంగా అడిగాను. అది తెల్లటి పెట్టెలో ఉంది కనుక అగ్ని కిందికి రాదట, యంత్రం కిందికి వస్తుందట. గదిని మూసిపెట్టి అందులో నిప్పు రాజేయడానికి శాస్త్రం అడ్డుచెప్పకపోగా, ఆ నిప్పు తాలూకు పొగ బయటికి పోయే దారి మాత్రమే నా ఆయుష్షును హరిస్తుందని తెలిసి, ఆ ప్రాచీన విజ్ఞానానికి నమస్కరించాను.

తరువాతి అభ్యంతరం దోమలది. మా బాత్రూముకు అద్దపు పలకల వెంటిలేటరు ఒకటి పుట్టుకతోనే ఉంది. దానికి మొదట వల కొట్టించాము. వల సందుల్లోంచి కూడా దోమలు వస్తున్నాయన్న అనుమానంతో ప్లాస్టిక్ కవరు అంటించాము. ఆ కవరు రాత్రిళ్లు గాలికి రెపరెపలాడుతుంటే నిద్ర పట్టక అట్టముక్క దూర్చాము. ఈ పరిణామక్రమం పూర్తయ్యేసరికి వెంటిలేటరు గోడ కంటే బలంగా తయారైంది. చివరగా మా అపార్ట్‌మెంటు సంఘం ప్రెసిడెంటు గారు, ఇటీవలే రంగులు వేయించిన ముఖభాగానికి గొట్టాలు తగిలిస్తే మిగతా ఫ్లాట్ల విలువ పడిపోతుందని, నొచ్చుకోకుండా చెప్పవలసిన మాటను ఎంతో నొచ్చుకుంటూ చెప్పారు.

ఇన్ని వర్గాలకూ సమ్మతమైన పరిష్కారాన్ని మళ్లీ మెకానిక్కే కనిపెట్టాడు. ముడతలు ముడతలుగా సాగే అల్యూమినియం గొట్టం ఒకటి తెచ్చి, గీజరు నెత్తికి తగిలించి, రెండు వంపులు తిప్పి, బాత్రూము మీది అటకలోకి దూర్చి వదిలేశాడు. ఆ అటకలో బొమ్మల కొలువు బొమ్మలు, నిరుటి ఆవకాయ జాడీ, మా పెద్దవాడి చిన్ననాటి మూడుచక్రాల సైకిలు ఉన్నాయి. వాటిలో ఏదీ అభ్యంతరం చెప్పలేదు. గొట్టం ఉండాలన్న నా కోరికా తీరింది, గోడకు చిల్లు పడకూడదన్న పెద్దల మాటా నిలిచింది. అందరి అభిప్రాయమూ తీసుకున్నాము కానీ, నిప్పును మాత్రం ఎవరమూ అడగలేదు.

అడిగి ఉంటే అది ఒక చిన్న లెక్క చెప్పేది. కిలో ఎల్పీజీ పూర్తిగా కాలడానికి సుమారు 15 కిలోల గాలి కావాలి, అంటే పన్నెండు ఘనమీటర్ల పైమాట. మా బాత్రూము అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు. అందులో పట్టే గాలి మొత్తం ఎనిమిది ఘనమీటర్లు. నిమిషానికి ఆరు లీటర్ల నీళ్లు కాచే మామూలు గీజరు పది నిమిషాలు మండితే దాదాపు రెండు ఘనమీటర్ల గాలి, అంటే గదిలో ఉన్నదాంట్లో పావు వంతు, దాని వాటాకు పోతుంది. ఆ పది నిమిషాల్లో స్నానం చేసే మనిషి పీల్చేది అటూఇటూగా ఎనభై లీటర్లు. గాలి లెక్కన చూస్తే, తలుపు గడియ పెట్టుకుని ఒంటరిగా స్నానం చేస్తున్నానని అనుకునే పెద్దమనిషి, నిజానికి పాతికమంది బంధువులతో కలిసి అందులో నిలబడి ఉన్నాడు. గ్యాసు బండ మీద 14.2 కిలోలని రాస్తారు కానీ, దాన్ని ఖాళీ చేయడానికి రెండు వందల కిలోలకు పైగా గాలి కూడా బుక్ చేసుకోవాలని ఎవరూ రాయరు. ఆ గాలికి డెలివరీ బాయ్ లేడు. దానంతట అది రావడానికి గోడ కింద ఒక దారి, పోవడానికి పైన ఒక దారి ఉండాలి.

గాలి తగ్గేకొద్దీ మంట కూడా మనలాగే నీరసిస్తుంది. నీలంగా ఉండవలసినది పసుపుపచ్చగా, బద్ధకంగా ఊగుతుంది. గ్యాసు సగమే కాలి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. మనం కంగారుపడే గ్యాసు కంపు అసలు ఎల్పీజీది కూడా కాదు, లీకైతే తెలియాలని కంపెనీలు పనిగట్టుకుని కలిపే ఇథైల్ మెర్‌కాప్టాన్‌ది. ఆ మందు కాస్తా మంటలో కాలిపోతుంది కనుక, పుట్టిన విషానికి వాసన కలిపే నాథుడు ఎవడూ లేడు. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బస్సులో సీటు మీద రుమాలు వేసినవాడు తరువాత ఎవరు ఎక్కినా లేవనట్లు, అది కూర్చున్న చోటికి ఆక్సిజన్‌ను రానివ్వదు. బ్రిటన్ బొగ్గు గనుల్లో ఈ వాయువును కనిపెట్టడానికి 1986 దాకా కేనరీ పిట్టలను వెంట తీసుకువెళ్లేవారు. మాకూ ఒక పావురం ఉంది, కానీ అది తెలివైనది. వెంటిలేటరుకు అవతలి వైపు ఉంటుంది.

డిసెంబరులో మా బావమరిది వచ్చి, ప్రయాణపు బడలిక తీరేలా ముప్పావుగంట స్నానం చేసి, గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం. ఇంటిల్లిపాదీ ముక్తకంఠంతో ‘గ్యాసే’ అన్నారు. ఆ నిర్ధారణలో వైద్యశాస్త్రపరంగా ఒక్క అక్షరం తప్పు లేదు; అయితే చికిత్సను పొట్టకు చేశారు. జీలకర్ర కషాయం తాగించారు, బిళ్ల మింగించారు. తగ్గకపోయేసరికి మా అత్తగారు దిష్టి అని గుర్తించి, వీధి గుమ్మం బయట కూర్చోబెట్టి ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచారు. బయటి గాలికి పావుగంటలో మనిషి తేరుకున్నాడు. ఆ కీర్తి మిరపకాయలకు దక్కింది. తలుపులు బార్లా తీసి మనిషిని ముందు బయటికి తేవడమే అటువంటప్పుడు చేయవలసిన పని కనుక నేను మిరపకాయలను తక్కువ చేయను. కాకపోతే ఆ వెంటనే వెళ్లవలసింది ఆసుపత్రికి, ఆక్సిజన్ దగ్గరికి. మా వాళ్లు మళ్లీ స్నానం చేసి దిష్టి కడుక్కొమ్మన్నప్పుడు నేను గీజరు దగ్గర గ్యాసు కట్టేసి, కాస్త గొంతు పెంచవలసి వచ్చింది.

ఆ రాత్రి సత్యనారాయణపురంలో మా అమ్మమ్మ ఇంటి రాగి బాయిలరు గుర్తుకు వచ్చింది. నడిమధ్య ఒక గొట్టం, దాని అడుగున బొగ్గులు, చుట్టూ నీళ్లు, పైన పొగ పోయే మూతి. ఇంజనీరింగు చదవని మా అమ్మమ్మ దాన్ని పెరట్లో, నూతిపళ్లెం పక్కన ఆరుబయట పెట్టి, నీళ్లను మాత్రమే లోపలికి మోయించేది. మనం చదువుకుని, నీళ్లను బయట ఉంచలేక, నిప్పును లోపలికి తెచ్చుకున్నాము.

మరునాడు ఎవరితోనూ వాదించకుండా ఒక అగరువత్తి వెలిగించాను. గీజరు నడుస్తుండగా దాని నెత్తిన గొట్టం మొదలయ్యే చోట అగరువత్తి పెడితే, పొగ గొట్టంలోకి ఈడ్చుకుపోవాలి. మా పొగ ఒక క్షణం ఆలోచించుకుని నా ముఖం మీదికి వచ్చింది. అటకలోకి వెళ్లిన వేడి పొగకు ముందుకు పోయే దారి లేదు కనుక వెనక్కి తిరగడంలో దాని తప్పేమీ లేదు. అప్పుడు మా ఆవిడ, దుర్వాసనల నిమిత్తం పెట్టించిన ఎగ్జాస్టు ఫ్యానును వేయమని సలహా ఇచ్చింది. వేశాను. ఆ ఫ్యాను గదిలోని గాలిని లాగేస్తూ, ఆ లోటును గొట్టంలోంచే పూడ్చుకోవడం మొదలుపెట్టేసరికి, అటకలో ఉన్న పొగ కూడా ఆవకాయ పరిమళంతో సహా కిందికి దిగింది. పొగ పోవడానికి గొట్టం ఉంటే సరిపోదనీ, దాని చివర ఆకాశం ఉండాలనీ ఇంట్లో అందరికీ ఆ వాసనతో బోధపడింది. పైఅంతస్తు ఆవిడ మాత్రం మెట్ల మీదినుంచి, ‘ఇవాళ ఏం పూజండీ?’ అని అడిగింది.

చివరికి గీజరునే బాత్రూములోంచి పీకించి, వంటింటి వెనక, రెండు వైపులా తెరిచి ఉన్న బాల్కనీలోకి మార్పించాము. అది అదృష్టవశాత్తూ వాయవ్యం కావడంతో సిద్ధాంతి గారు, వాయువు కదా అని, వెంటనే ఒప్పుకున్నారు. గొట్టం గీజరు మూతి కంటే సన్నగా ఉండకూడదు. మొదట కాస్త నిటారుగా లేచి, అడ్డంగా పోయేచోట అడుగుకు పావు అంగుళం చొప్పున ఎగువకే నడవాలి. వంపులు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. చివర పైవాళ్ల కిటికీ కింద తెరుచుకోకూడదు. మెకానిక్ ఇవన్నీ విని, నీళ్ల పైపులు వేసి మిగిలిన పీవీసీ ముక్క వాడదామని ఒక్కసారి మాత్రమే అన్నాడు. గ్యాసు ట్యూబు అతుకుల దగ్గర లీకు చూడడానికి అతడు అగ్గిపుల్ల గీయబోతుంటే చేయి పట్టుకుని ఆపి, సబ్బు నురగ రాయించాను. సంఘం నుంచి, గొట్టానికి భవనం రంగే వేయించాలని నోటీసు వచ్చింది. వేడెక్కే గొట్టం కనుక వేడికి తాళే రంగే వేయిస్తానని జవాబు రాశాను. అగరువత్తి పొగ ఈసారి సూటిగా లోపలికి వెళ్లిపోయింది. గొట్టం కొసకు వాన పడకుండా, పిట్టలు దూరకుండా ఉండే టోపీ ఒకటే మిగిలింది. దాన్ని రేపు తెస్తానని మెకానిక్ చెప్పి వెళ్లాడు.

ఆ రేపు రాకముందే ఎండలు వచ్చాయి. తొమ్మిది నెలలు ట్యాంకు నీళ్లే స్నానానికి సరిపోయాయి. మళ్లీ కార్తీకంలో, గీజరు వెలిగించే ముందు స్టూలెక్కి గొట్టం కొసన చూస్తే, పుల్లల మధ్య రెండు తెల్లటి గుడ్లు, వాటి మీద మా పాత వెంటిలేటరు పావురం. గూడు తీయకుండా వెలిగిస్తే పొగ ఎటు తిరుగుతుందో ఇప్పుడు ఇంట్లో చిన్నపిల్లకు కూడా తెలుసు. తీసేద్దామని నేను అన్న వెంటనే సిద్ధాంతి గారి శాస్త్రం మొదలు సంఘం తీర్మానం దాకా ఇన్నాళ్లూ ఏ విషయంలోనూ ఏకాభిప్రాయానికి రాని మా కుటుంబం ఒక్కమాట మీద నిలబడింది. ‘పాపం, తల్లి కదరా, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగలేమా’ అన్నారు మా అత్తగారు. గుడ్లు పొదగడానికి పద్దెనిమిది రోజులు, రెక్కలు రావడానికి ఇంకో నెల. మార్గశిరం వెళ్లేదాకా మా ఇంటిల్లిపాదీ చన్నీళ్లే పోసుకున్నాము. చలి మరీ దారుణమని ఎవరూ అనలేదు.