గుండె సంచిలో నీరు: ఆ మెసేజ్‌ని నమ్మకండి

గుండె చుట్టూ చేరే నీటి గురించి ఒక మెసేజ్ కుటుంబ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో చెప్పేది ఇదీ: గుండె సంచిలో చుక్క నీరు కూడా ఉండకూడదట. నీళ్లు ఎక్కువ తాగేవాళ్లకే అక్కడ నీరు పడుతుందట. తాగే నీళ్లు సగానికి తగ్గించి గలిజేరు కషాయం పుచ్చుకుంటే పదిహేను రోజుల్లో పోతుందట. ఇక ముందుకు వంగితే తగ్గే ఛాతీ నొప్పి గ్యాసేనట, ఆసుపత్రికి వెళ్లక్కర్లేదట. నాలుగూ తప్పే. చివరిదైతే ప్రాణం మీదకు తెస్తుంది.

"చుక్క నీరు కూడా ఉండకూడదు."

ఉండాలి. పెరికార్డియం, అంటే హృదయావరణం అనే ఈ సంచికి బయట గట్టి పీచు పొర ఉంటుంది. కింద అది డయాఫ్రం, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర, దాని మధ్యభాగానికి అతుక్కుని ఉంటుంది. ముందు రొమ్ము ఎముకకు పీచు కట్లతో బిగిసి, పైన పెద్ద రక్తనాళాల గోడల్లో కలిసిపోతుంది. మనం పరుగెత్తినా, పక్కకు దొర్లినా గుండె ఛాతీలో అటూ ఇటూ పోకుండా పట్టి ఉంచేది ఇదే. దీని లోపలి వైపు పలచటి నున్నని పొర ఒకటి అంటుకుని ఉంటుంది. అది పెద్ద రక్తనాళాల మొదళ్ల దగ్గర మడత తిరిగి గుండె మీద కూడా పరుచుకుంటుంది. ఆ రెండు నున్నటి ముఖాల మధ్య సన్నని ఖాళీలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా 15 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది. అంటే మూడు నుంచి పది టీస్పూన్లు. రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకునే గుండె రాపిడి లేకుండా కదిలేది దానివల్లే. ఎకో (గుండెకు చేసే స్కాన్) రిపోర్టులో కొద్దిపాటి ద్రవం అన్న మాట కనబడగానే ఇంటిల్లిపాదీ టెన్షన్ పడుతున్నారు. దానికి అర్థమేమిటో ఆ పరీక్ష చేయించమన్న డాక్టరునే అడగండి.

"నీళ్లు ఎక్కువ తాగితే వస్తుంది."

తాగిన నీరు నేరుగా గుండె సంచిలోకి వెళ్లే దారి లేదు. అక్కడ ద్రవం పెరగడానికి కారణాలు వేరు: వైరస్ ఇన్‌ఫెక్షన్లు, కిడ్నీల వైఫల్యం, థైరాయిడ్ బాగా తగ్గిపోవడం, ఊపిరితిత్తుల లేదా రొమ్ము క్యాన్సర్ అక్కడికి పాకడం, లూపస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు), గుండె ఆపరేషన్ తర్వాతి వాపు. మన దేశంలో ముఖ్యంగా అనుమానించాల్సింది టీబీ. ఈ పొరపాటు ఎక్కడ పుట్టిందో ఊహించగలను. గుండె కండరం బలహీనపడి కాళ్లు వాచి, ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాళ్లకు ఉప్పు తగ్గించమని, కొందరికి నీళ్లు కూడా తగ్గించమని డాక్టర్లు చెబుతారు. అది వేరే జబ్బు. దాని పథ్యం తెచ్చి దీనికి అంటగట్టారు.

"నీళ్లు తగ్గించి కషాయం తాగితే పోతుంది."

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి. గుండె సంచి పీచు పొర కొత్త తోలు చెప్పు లాంటిది. మొదటిరోజు కాలిని కరుస్తుంది, వాడగా వాడగా సాగుతుంది. ద్రవం నెలల మీద నెమ్మదిగా చేరితే సంచి సాగి లీటరు, ఆ పైన కూడా పట్టుకోగలదు. అదే గంటల్లో చేరితే 150, 200 మిల్లీలీటర్లకే గుండె నొక్కుకుపోవచ్చు. అందుకే ఎంత ఉందన్నదానికంటే ఎంత వేగంగా చేరిందన్నది ముఖ్యం. ముందు నలిగేది పలచటి గోడలున్న కుడివైపు గదులు. గుండెలోకి రక్తం సరిగా నిండదు, కాబట్టి బయటికీ సరిగా పోదు. బీపీ పడిపోవడం, మెడలో సిరలు ఉబ్బడం, స్టెతస్కోపులో గుండె చప్పుడు మందగించడం - ఈ మూడింటినీ కలిపి గుర్తుగా చెప్పినవాడు అమెరికన్ సర్జన్ క్లాడ్ బెక్, 1935లో. ద్రవం గుండెను నొక్కేస్తుందన్న సంగతిని ఇంగ్లండ్ వైద్యుడు రిచర్డ్ లోయర్ 1669లోనే రాశాడు.

అలా నొక్కుకుపోయిన గుండెకు కాస్తయినా రక్తం అందాలంటే సిరల్లో ఒత్తిడి తగ్గకూడదు. అందుకే ఆ స్థితిలో మూత్రం ఎక్కువగా పోయించే మందులకు డాక్టర్లు దూరంగా ఉంటారు. చాలామందికి సూదితో ద్రవం తీసేలోగా సెలైన్ కూడా ఎక్కిస్తారు. నీళ్లు మానిపించి, మూత్రం జారీ చేస్తుందని పేరున్న కషాయం పోయడం దీనికి పూర్తిగా ఎదురు.

కషాయంతో తగ్గిందని చెప్పేవాళ్లు అబద్ధం చెబుతున్నారని నేననను. వైరస్ వల్ల వచ్చిన కొద్దిపాటి ద్రవం చాలాసార్లు కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది, పేరు కషాయానికి వస్తుంది. టీబీ అలా పోదు. దానికి సాధారణంగా ఆరు నెలల మందులు కావాలి. అవి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. వదిలేస్తే సంచి మందమై, బిగిసి, కొందరిలో సున్నం పేరుకుని గుండెను బంధించేస్తుంది. అప్పుడు సంచినే కోసి తీసేయాల్సి రావచ్చు.

"ముందుకు వంగితే తగ్గేది గ్యాసే."

నాకు అన్నిటికంటే కోపం తెప్పించిన మాట ఇది. గుండె సంచి వాచినప్పుడు వచ్చే నొప్పికి వైద్య విద్యార్థులు నేర్చుకునే మొదటి గుర్తే అది! వెల్లకిలా పడుకున్నా, గట్టిగా ఊపిరి పీల్చినా, దగ్గినా పొడిచినట్టు పెరుగుతుంది. లేచి కూర్చుని ముందుకు వంగితే తగ్గుతుంది. తరచు ఎడమ భుజం పైకి, మెడ మొదలుకు పాకుతుంది. దానికి కారణం సంచి పక్కగా దిగే ఫ్రెనిక్ నరం. అది బయల్దేరేది మెడలోంచి కాబట్టి సంచి నొప్పి భుజంలో తెలుస్తుంది. దీన్ని గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటే జబ్బు లోపల ముదురుతుంది. పైగా ఛాతీ నొప్పి గుండెపోటు కాదని ఇంట్లో కూర్చుని ఎవరూ తేల్చలేరు. దానికి ఈసీజీ, రక్తపరీక్ష కావాలి. సంచిలో ద్రవం ఉందో లేదో ఎకోలో నిమిషాల్లో కనిపిస్తుంది. కారణం తెలిస్తే వాపుకు మామూలు నొప్పి మాత్రలూ కోల్చిసిన్ లాంటి మందులే చాలామందికి సరిపోతాయి.

ఛాతీ నొప్పితో పాటు ఆయాసం, కళ్లు తిరగడం, చెమటలు, మెడ నరాలు ఉబ్బడం ఉంటే వంగి చూసుకుంటూ కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.