ఆర్మీ ట్రైలర్ రింగ్‌ను కోయకండి: వాట్సాప్ సలహాలో ఒక్కో మాటకూ జవాబు

నాలుగైదు నెలలుగా మా కావలి, అల్లూరు, కందుకూరు వైపు జీపులున్నవాళ్ల ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతోంది. నాకే ఆరేడుగురు పంపారు. దాని సారాంశం ఇది: "మిలిటరీ డిస్పోజల్ ట్రైలర్ కొన్నారా? ప్రత్యేకమైన హుక్ కోసం వెతకొద్దు. దాని రింగ్‌లో ట్రాక్టర్ పిన్ను దూరిస్తే చాలు. శబ్దం వస్తే రింగ్ కోసేసి బాల్ కప్లర్ వెల్డింగ్ చేయించుకోండి. ఫోర్ బై ఫోర్ బండి కాబట్టి బంపర్‌కు బిగించినా లాగుతుంది. సరుకు వెనక్కి సర్దితే హుక్ మీద బరువు పడదు. చెయిన్లు అక్కర్లేదు. ట్రైలర్‌కు ఇంజన్ లేదు కాబట్టి కాగితాలూ అక్కర్లేదు."

మా బావమరిదికి అల్లూరు దగ్గర రొయ్యల గుంటలున్నాయి. మేత బస్తాలు, డీజిల్ డ్రమ్ములు, ఏరియేటర్ మోటార్లు గట్ల మీదుగా తీసుకెళ్లడానికి పాత ఆర్మీ ట్రైలర్ ఒకటి కొన్నాడు. ఈ మెసేజ్ చూసి ఒక వెల్డింగ్ షాపులో బంపర్‌కే చానల్ ముక్క అతికించి ట్రాక్టర్ పిన్ను పెట్టించాడు. "ఏం కాదులే బావా, రోడ్డెక్కేది రెండు కిలోమీటర్లే కదా" అన్నాడు. పదిహేను రోజులు బాగానే నడిచింది. తర్వాత ఒక సాయంత్రం మురుగుకాలువ దాటుతుంటే బంపర్ బ్రాకెట్ చీరి, చానల్ ముక్కతో సహా ఊడి వచ్చింది. ట్రైలర్ వెనక్కి జారి కాలువలో పడింది. వెనక మనుషులెవరూ లేరు. అప్పటికి ఐదు నిమిషాల ముందు అదే దారిన ఇద్దరు కూలీలు నడిచి వెళ్లారు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. అందుకే ఈ మెసేజ్‌లోని ఒక్కో మాటనూ తీసుకుని రాస్తున్నాను.

మొదటి మాట, "ట్రాక్టర్ పిన్ను చాలు".

నాటో ప్రమాణం ప్రకారం చేసిన ట్రైలర్ కాడి చివరి రింగ్ లోపలి వెడల్పు 76 మిల్లీమీటర్లు, అంటే మూడు అంగుళాలు. మన దగ్గరికి వేలంలో వచ్చేవన్నీ ఆ కొలతకే ఉంటాయని అనుకోకండి. క్యాలిపర్ పెట్టి కొలవండి. 76 వచ్చిందనుకుందాం. అందులో 30 మిల్లీమీటర్ల పిన్ను దూరిస్తే మిగిలే ఖాళీ 46 మిల్లీమీటర్లు. బ్రేక్ వేసిన ప్రతిసారీ ట్రైలర్ ఆ ఖాళీ అంతా ముందుకు దూసుకొచ్చి పిన్నును గుద్దుతుంది. మళ్లీ యాక్సిలరేటర్ తొక్కితే అటువైపు నుంచి గుద్దుతుంది. నిదానంగా లాగే బరువు వేరు, ఖాళీలో పరిగెత్తి వచ్చి తగిలే బరువు వేరు. సుత్తిని మేకు మీద ఆనించి నొక్కడానికీ, ఎత్తి కొట్టడానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే ఉంది.

ట్రాక్టర్‌కు ఇది ఎందుకు నడుస్తుందని అడుగుతారు. ట్రాక్టర్ నిదానంగా వెళ్తుంది, దాని హుక్ నేరుగా వెనక హౌసింగ్‌కు బిగించి ఉంటుంది, ట్రాక్టర్ వెనక ట్రక్కు రింగ్ కూడా ఆ పిన్నుకు తగ్గట్టే ఉంటుంది. జీపు హైవే ఎక్కి 60లో వెళ్తుంది. రెండింటికీ ఒకే లెక్క పనికిరాదు.

ఆ రింగ్‌కు సరిపడేది పింటిల్ హుక్. కొక్కెంలా వంగిన దవడ, పైన మూతలా పడే నాలుక, ఆ నాలుక లేవకుండా అడ్డుగా ఒక చిన్న పిన్ను, ఇదీ దాని రూపం. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులకే వెనక క్రాస్ మెంబర్ (చాసీకి అడ్డంగా ఉండే పట్టీ) మధ్యలో ఇలాంటి హుక్ ఉండేది. పింటిల్‌లో కూడా కాస్త ఖాళీ ఉంటుంది, కొంత శబ్దం వస్తుంది, నేను కాదనను. కానీ రింగ్ గుండ్రానికి తగ్గట్టు దాని దవడ ఉంటుంది కాబట్టి దెబ్బ ఒక్క గీత మీద పడదు.

రెండో మాట, "రింగ్ కోసేసి బాల్ కప్లర్ పెట్టండి". నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. ఎందుకంటే ఇది వినడానికి బాగా తెలివైన సలహాలా ఉంటుంది.

బాల్ హుక్ అంటే జీపుకు ఒక ఉక్కు గుండు, దాని మీద బోర్లించే కప్పు (కప్లర్) ట్రైలర్‌కు. అది చెడ్డదని నేను అనడం లేదు. తారు రోడ్డు మీద ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ఖాళీ ట్రైలర్ లాక్కెళ్లాలంటే 50 మిల్లీమీటర్ల బాల్ హాయిగా, శబ్దం లేకుండా పనిచేస్తుంది. కానీ మనం డిస్పోజల్ ట్రైలర్ కొనేది ఆ పనికి కాదు. గుంటల గట్లు, చీమకుర్తి వైపు క్వారీ దార్లు, ఉదయగిరి కొండవాలు, పెన్న ఇసుక, ఇవీ మన దార్లు. అక్కడ జీపు ఒక పక్కకు ఒరుగుతుంది, అదే క్షణంలో ట్రైలర్ ఇంకో పక్కకు ఒరుగుతుంది. జీపు ఎడమకు 15 డిగ్రీలు, ట్రైలర్ కుడికి 20 డిగ్రీలు వాలితే జాయింట్ దగ్గర మెలిక 35 డిగ్రీలు. బాల్ మీద బోర్లించిన కప్పుకు అంత మెలిక తట్టుకునే చోటు ఉండదు. ఒక హద్దు దాటాక కప్పు అంచు బాల్ మెడకు తగిలి, గునపంతో ఎత్తినట్టు తనను తానే పైకి లేపుకుంటుంది. అప్పుడు విరిగితే కప్పు విరుగుతుంది, లేదంటే ఊడి వస్తుంది.

మిలిటరీ జాయింట్‌లో ఈ మెలికకు దారి ముందే పెట్టారు. కొన్ని ట్రైలర్లలో రింగ్ తన ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. కొన్నింటిలో రింగ్ కదలదు, అప్పుడు హుక్ తిరగాలి. రెండింట్లో కనీసం ఒకటి తిరిగి తీరాలి. హుక్ కొనేముందు ట్రైలర్ దగ్గరికి వెళ్లి రింగ్‌ను చేత్తో పట్టుకుని తిప్పి చూడండి. బిగుసుకుపోయి ఉంటే వెంటనే కదలని రింగ్ అనుకోవద్దు. ఏళ్ల తరబడి గ్రీజు లేక తుప్పు పట్టి ఉండొచ్చు. డీజిల్ పోసి ఒక రోజు నానబెట్టి మళ్లీ చూడండి. నిజంగా కదలనిదే అయితే తిరిగే పింటిల్ కొనండి.

ఇంకో సంగతి. తిరిగే రింగ్ తోక డ్రాబార్ (ట్రైలర్ కాడి) లోపలికి వెళ్లి, వెనక పెద్ద నట్టుతో బిగించి ఉంటుంది. అంటే ఎవరికైనా నిజంగా బాల్ కప్లరే కావాలంటే కూడా కోయాల్సిన పని లేదు. నట్టు విప్పి, ఆ డ్రాబార్‌కు సరిపోయే కప్లర్‌ను బోల్టులతో బిగించుకోవచ్చు, రేపు మళ్లీ రింగ్ పెట్టుకోవచ్చు. గ్యాస్ కట్టర్ పెట్టాక ఆ దారి మూసుకుపోయినట్టే. పైగా ఆ రింగ్ ఫోర్జింగ్ ఉక్కు, అంటే కాల్చి సాగగొట్టి చేసింది. ఏ రాడ్ వాడాలో, ముందు ఎంత వేడి చేయాలో తెలియకుండా దాని తోకకు వెల్డింగ్ పెడితే, పైకి గీత అందంగానే కనిపిస్తుంది, పక్కనున్న లోహం పెళుసైపోతుంది. పగులు అక్కడ మొదలవుతుంది.

మూడో మాట, "బంపర్‌కు బిగించినా లాగుతుంది". ఇంజన్‌కు శక్తి ఉంటే జాయింట్‌కు కూడా శక్తి వచ్చినట్టేనన్న పొరపాటు ఇందులో ఉంది. ఐరోపాలో హుక్‌ల మీద "డి" విలువ అని ఒక అంకె ముద్రిస్తారు. లెక్క చాలా తేలిక. బండి మొత్తం బరువునూ ట్రైలర్ మొత్తం బరువునూ టన్నుల్లో గుణించి, ఆ రెండింటి మొత్తంతో భాగించి, 9.81తో గుణించాలి. జీపు 2 టన్నులు, ట్రైలర్ 0.75 టన్ను అయితే 5.35 కిలోన్యూటన్లు వస్తుంది. హుక్ మీద అంతకంటే ఎక్కువ అంకె ఉండాలి. ట్రైలర్ 1.5 టన్నులైతే అదే లెక్క 8.4కు పోతుంది. రేకు బ్రాకెట్ మీద నిలబెట్టిన బంపర్‌ను ఈ లెక్క కోసం ఎవరూ తయారుచేయరు. బురదలో దిగబడినప్పుడు తాడు కట్టి లాగడానికి ఇచ్చే కొక్కీ కూడా ట్రైలర్ కోసం ఇచ్చింది కాదు.

హుక్ పట్టు చాసీ మీద ఉండాలి. పాత మహీంద్రా ఎంఎం 540 అయినా, జిప్సీ అయినా, థార్ అయినా కింద నిచ్చెన లాంటి చాసీ ఉంటుంది, అది మన అదృష్టం. చాసీకి రెండు పక్కలా ఉండే పొడవాటి దూలాలకూ ప్లేట్లు పట్టించి, మధ్యలో బలమైన క్రాస్ మెంబర్ వేసి, దానికి హుక్ బిగించాలి. ఆ దూలం పై అంచులో, కింది అంచులో రంధ్రాలు వేయకండి, వంగే బలమంతా ఆ అంచుల మీదే ఉంటుంది. నిలువు గోడకే రంధ్రం వేయాలి. చాసీ పెట్టెలా మూసి ఉంటే లోపల పైపు ముక్క పెట్టి దానిగుండా బోల్టు పంపాలి. లేకపోతే బిగించే కొద్దీ పెట్టె నొక్కుకుపోతుంది, నాలుగు రోజులకు బోల్టు వదులవుతుంది. బోల్టు తల మీద దాని బలం చెప్పే 8.8 అనో 10.9 అనో అంకె ఉండాలి. ఏ గుర్తూ లేనిది ఎంత లావున్నా వద్దు. కొత్త బండ్లకు వెల్డింగ్ ఏదైనా తప్పనిసరైతే ముందు బ్యాటరీ వైర్లు తీయించండి, లేకపోతే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీఎం) కాలిపోవచ్చు. మొదటి ట్రిప్పు అయ్యాక ప్రతి బోల్టుకూ మళ్లీ స్పానర్ పెట్టండి.

హుక్ ఎత్తు కూడా చూసుకోవాలి. సమతలం మీద, సరుకు వేశాక, ట్రైలర్ కాడి నేలకు సమానంగా ఉండాలి. అలాగని హుక్‌ను మరీ కిందికీ వెనక్కీ లాగితే కాలువ గట్టు దిగేటప్పుడు ముందు నేలకు తగిలేది అదే.

నాలుగో మాట, "సరుకు వెనక్కి సర్దండి". దయచేసి ఈ పని మాత్రం అస్సలు చేయకండి. తోక బరువెక్కిన ట్రైలర్ 50 దాటగానే పాములా ఊగడం మొదలుపెట్టొచ్చు. ఆ ఊపు జీపు వెనక చక్రాలను కూడా పట్టుకు లాగుతుంది. హుక్ మీద కొంత బరువు పడాలి. ఐరోపాలో ట్రైలర్ మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం అంటారు, అమెరికాలో 10 నుంచి 15 శాతం అంటారు. 750 కిలోల ట్రైలర్‌కు మేం 60 కిలోలు పెట్టుకున్నాం, అంటే 8 శాతం. కొలవడానికి ఇంట్లో మనిషి బరువు చూసుకునే మిషన్ చాలు. దాని మీద హుక్ ఎత్తుకు సరిపడే చెక్క దుంగ నిలబెట్టి, దాని మీద రింగ్ ఆనించి చూడండి.

ఎక్కువైనా ప్రమాదమే. హుక్ వెనక ఇరుసుకు మీటరు వెనక ఉందనుకోండి. మూడు తలుపుల థార్ ఇరుసుల మధ్య దూరం 2.45 మీటర్లు. హుక్ మీద 60 కిలోలు పెడితే వెనక ఇరుసు మీద పడేది 84 కిలోలు, ముందు చక్రాల మీద 24 కిలోలు తగ్గుతాయి. అదే 150 కిలోలు పెడితే ముందు చక్రాల మీద 60 కిలోలకు పైగా తగ్గుతుంది, తడి రోడ్డు మీద స్టీరింగ్ తేలిపోతుంది. పాత అమెరికన్ లెక్కలో "పావు టన్ను ట్రైలర్" అంటే కచ్చా దారిలో అది మోసే సరుకు 227 కిలోలు. నిండా పోసిన 200 లీటర్ల డీజిల్ డ్రమ్ము ఒక్కటే, డ్రమ్ము బరువుతో కలిపి దాదాపు 190 కిలోలు తూగుతుంది. నింపాక ఒకసారి కాటా మీదికి ఎక్కించండి.

చెయిన్ల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. జీపుకూ ట్రైలర్‌కూ మధ్య రెండు ఉండాలి, డ్రాబార్ కింద ఇంటూ గుర్తులా అడ్డంగా వేయాలి. హుక్ ఊడితే కాడి నేల మీద పడకుండా ఆ గుర్తు మీద ఆగుతుంది. వాటి కొక్కేలు చాసీకే తగిలించాలి, హుక్ ప్లేట్‌కు కాదు. మా బావమరిదికి ఆ రోజు చెయిన్లు ఉన్నా ఉపయోగం ఉండేది కాదు, ఎందుకంటే అతను తగిలించేది ఆ ఊడిన చానల్‌కే.

మెసేజ్‌లో లైట్ల మాటే లేదు, అదీ లోపమే. చాలా మిలిటరీ ట్రైలర్లు 24 వోల్టులవి, మన జీపులు 12 వోల్టులవి. పాత బల్బులనే ఉంచితే మిణుకుమిణుకుమంటాయి, రాత్రి హైవే మీద వెనక లారీవాడికి కనిపించవు. బల్బులు మార్చండి. రింగ్ గుండా ఎర్త్ వస్తుందిలే అనుకోకుండా ఎర్త్‌కు వేరే వైరు వేయండి.

ఇక "ఇంజన్ లేదు కాబట్టి కాగితాలు అక్కర్లేదు" అన్నది పూర్తిగా తప్పు. 1988 మోటారు వాహనాల చట్టం 2వ సెక్షన్‌లోనే మోటారు వాహనం అన్న మాటలో ట్రైలర్ కూడా చేరి ఉంది. కాబట్టి 39వ సెక్షన్ రిజిస్ట్రేషన్ దానికీ వర్తిస్తుంది. సైన్యం వాహనాలకు 60వ సెక్షన్ కింద వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది, కానీ వాహనం రక్షణ శాఖ చేతి నుంచి బయటికి రాగానే 39, 40 సెక్షన్లు వర్తిస్తాయని ఆ సెక్షనే చెబుతోంది. అంటే బాణం గుర్తున్న పాత ఆర్మీ నంబరుతో రోడ్డెక్కకూడదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ పెట్టే వేలంలో నేరుగా కొన్నా, మధ్యవర్తి దగ్గర కొన్నా, వేలం కాగితాలు, డెలివరీ ఆర్డరు చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి. అవి లేకుండా రవాణా ఆఫీసుకు వెళ్తే పని మొదలే కాదు. బండికి హుక్ బిగించే సంగతి కూడా అక్కడే ముందుగా అడిగి పెట్టుకోండి. 61వ సెక్షన్ ప్రకారం లాగే బండి నంబరు ట్రైలర్ వెనక కూడా కనిపించాలి.

మా బావమరిది ట్రైలర్‌కు ఇప్పుడు కోయని పాత రింగే ఉంది. జీపు చాసీకి తిరిగే పింటిల్ బిగించాం. కాగితాల పని నడుస్తోంది, అది పూర్తయ్యే దాకా ట్రైలర్ గుంటల గట్లు దాటి రోడ్డెక్కదు. నంబరు కోసం వెనక తలుపు మీద చోటు ఖాళీగా ఉంచాం.