సాక్ష్యం ఇంకా కావాలా?

బానిసత్వం నుంచి తప్పించుకున్నవాళ్ళు రాసుకున్న ఆత్మకథల గురించి ఎక్కడ మాట్లాడినా ఒక ప్రశ్న ఎదురవుతుంది: "అదంతా నిజమేనంటారా? కాస్త ఎక్కువ చేసి రాసి ఉంటారేమో?" వింటే ఒళ్ళు మండుతుంది నాకు. ఈ ప్రశ్న వాళ్ళు బతికుండగానే అడిగారు. పోయిన తర్వాతా వదల్లేదు.

హారియెట్ జేకబ్స్ సంగతి చూడండి. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, ఈడెంటన్ ఊరు. డాక్టర్ జేమ్స్ నార్కమ్ ఇంట్లో బానిస. ఆ పెద్దమనిషి లైంగిక వేధింపులు పడలేక 1835లో మాయమైంది. పట్టిస్తే 100 డాలర్లిస్తానని అతను పేపర్లో ప్రకటన వేయించాడు. ఆమె ఊరు దాటనే లేదు. అమ్మమ్మ ఇంటికి ఆనుకుని ఉన్న సామాన్ల కొట్టు మీద అటకలో ఉంది. 9 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, బాగా ఎత్తున్నచోట 3 అడుగులు. నిలబడే వీల్లేదు. ఒత్తిగిలి పడుకుంటే కప్పు తగిలేది. పడక మీద ఎలుకలు పరిగెత్తేవి. దాదాపు ఏడేళ్ళు అలా గడిపింది.

ఒకరోజు చీకట్లో తలకి ఏదో తగిలితే తడిమి చూసింది. అటక తలుపు బిగించినప్పుడు మేనమామ వదిలేసిన బరమా. దాంతో వీధి వైపు చెక్కకి కన్నాలు పెట్టుకుంది, పిల్లల్ని చూసుకుందామని. తీరా వీధిలో మొదట కనబడ్డ మనిషి ఎవరు? ఆ డాక్టరే! అపశకునం అనుకుని వణికిపోయింది. పిల్లలు ఆ తర్వాత కనబడ్డారు. అమ్మ తమ నెత్తి మీదే ఉందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

ఆ అటకలోంచే డాక్టరుకి ఉత్తరాలు రాసింది, తాను న్యూయార్క్‌లో ఉన్నట్టు. అక్కడి వీధి పేరు కోసం న్యూయార్క్ పేపర్ ముక్క ఒకటి తెప్పించుకుంది. ఉత్తరాలు అక్కడికి పంపి పోస్టు చేయించింది. 1842లో ఓడలో దాక్కుని, బానిసత్వం లేని ఉత్తరాదిలోని ఫిలడెల్ఫియా చేరింది.

1861లో మారుపేరుతో పుస్తకం వేసింది. ఎడిట్ చేసినావిడ లిడియా మరియా చైల్డ్, తెల్ల రచయిత్రి. ఇంకేం, ఇది చైల్డ్ రాసిన నవల అని పండితులు తేల్చేశారు! 1980ల్లో జీన్ ఫేగన్ యెల్లిన్ అనే పరిశోధకురాలు జేకబ్స్ సొంత ఉత్తరాలు బయటపెట్టి, రికార్డులతో సరిచూసి నిరూపించేదాకా అదే మాట చెల్లింది. ఏడేళ్ళు అటకలో నడుం వంచి బతికిన మనిషికి తన కథ తనదని అనిపించుకోడానికి వందేళ్ళు దాటింది.

మేరీలాండ్‌లో బానిసగా ఉండి తప్పించుకుని, బానిసత్వానికి వ్యతిరేకంగా ఉపన్యాసాలిచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్‌కీ ఇదే గతి. ఇంత చక్కగా మాట్లాడేవాడు బానిసగా ఎలా ఉండి ఉంటాడన్నారు. 1845లో పుస్తకం రాసి యజమానుల పేర్లు, ఊళ్ళ పేర్లు ఉన్నవున్నట్టు పెట్టేశాడు. దానికి తోడు పుస్తకం మొదట్లో బానిసత్వ వ్యతిరేక ఉద్యమంలోని ఇద్దరు తెల్లవాళ్ళ పూచీకత్తు: గారిసన్ ముందుమాట, ఫిలిప్స్ ఉత్తరం. పేర్లు బయటపడ్డాక పట్టుకుపోతారన్న భయంతో సముద్రం దాటి ఐర్లండ్, ఇంగ్లండ్ వెళ్ళాల్సి వచ్చింది. అప్పుడు థాంప్సన్ అనే మేరీలాండ్ మనిషి, వాడు నాకు తెలుసు, చదువూ సంధ్యా లేనివాడు, ఇది వాడు రాయలేడని పత్రికకెక్కాడు. డగ్లస్ నిజంగానే అక్కడ బానిసగా ఉన్నవాడని దాంతో థాంప్సనే ఒప్పుకున్నట్టయింది; అందుకు డగ్లస్ అతనికి బహిరంగంగా కృతజ్ఞతలు చెప్పాడు. ఇంతకన్నా గట్టి జవాబు నేనెక్కడా చూడలేదు.

గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళి, పాస్‌పోర్టు లాక్కున్న ఇంట్లోంచి ఎలాగో బయటపడి వచ్చిన మన ఆడవాళ్ళనీ ఇలాగే నిలదీస్తాం. "ఎలా బయటపడ్డావ్? ఎవరు సాయం చేశారు? అంతా చెప్పు." ఆ చరిత్రా ఇదీ ఒకటే అనను. కానీ ప్రాణం దక్కించుకున్న మనిషి ప్రతి సందుకీ లెక్క చెప్పాలా?

డగ్లస్ 1845లో తాను తప్పించుకున్న దారి చెప్పలేదు. సాయం చేసినవాళ్ళు చిక్కుల్లో పడతారు, వెనక వచ్చేవాళ్ళకి దారి మూసుకుపోతుంది అని ముఖం మీదే రాశాడు. హెన్రీ బాక్స్ బ్రౌన్ అనే బానిస 1849లో చెక్కపెట్టెలో తనను తాను పార్సిల్ చేసుకుని 27 గంటల్లో రిచ్‌మండ్ నుంచి ఫిలడెల్ఫియా చేరాడు. ఆ సంగతి ఊరంతా చాటకుండా ఉంటే ఏటా వెయ్యిమంది బ్రౌన్‌లు వచ్చేవారని తర్వాత డగ్లస్ బాధపడ్డాడు. తన 1838 నాటి ప్రయాణం, అంటే నావికుడి వేషం, ఇంకొకరి కాగితాలు, ఆ కాగితం మీది గద్ద బొమ్మ చూసి వదిలేసిన రైలు కండక్టర్, ఇవన్నీ 1881 ఆత్మకథలో గానీ వివరంగా రాయలేదు. అప్పటికి బానిసత్వం రద్దయి పదహారేళ్ళు.