నొప్పులు రాకముందే అడ్మిట్ అవ్వమంటే: "ఎందుకు" అని అడుగుతాం, "ఎంతసేపు ఆగుతారు" అని అడగం

తొమ్మిదో నెల చివర్లో చెకప్‌కి వెళ్తే డాక్టర్ అనే ఒక్క మాటకి ఇల్లంతా తలకిందులవుతుంది. "ఇంకా నొప్పులు రాలేదు కదా, ఎల్లుండి అడ్మిట్ అయిపోండి, మందు పెట్టి తెప్పిద్దాం" అంటారు. అమ్మాయి బయటికొచ్చి కుర్చీలో కూర్చునే లోపే భర్త ఫోన్‌లో వెతకడం మొదలెడతాడు, అమ్మేమో "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి, టైమొస్తే అవే వస్తాయి" అంటుంది, అత్తగారు ఎల్లుండి తిథి ఏంటో చూస్తుంటారు. సాయంత్రానికి ఇంట్లో రెండు పార్టీలు తయారు, డాక్టర్ చెప్పాక ఆలోచించేదేముంది అని ఒక పార్టీ, ఇదంతా ఆపరేషన్ చేసి బిల్లు పెంచడానికే అని ఇంకో పార్టీ.

నన్నడిగితే ఇద్దరూ సగమే చూస్తున్నారు. మందు పెట్టి నొప్పులు తెప్పించడం, అదే ఇండక్షన్, దానంతట అది మంచిదీ కాదు చెడ్డదీ కాదు. ఎందుకు పెడుతున్నారు, పెట్టాక ఎంత ఓపిక పడతారు, ఈ రెండిటి మీదే మొత్తం ఆధారపడి ఉంటుంది. మొదటిది ఎలాగోలా అందరం అడుగుతాం. రెండోది మన హైదరాబాద్‌లో దాదాపు ఎవరూ అడగరు, నిజానికి ఇక్కడ అసలు తేడా వచ్చేది అక్కడే.

ఎందుకంటారా, మన లెక్కలు అలా ఉన్నాయి మరి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతం అయితే తెలంగాణలో 60.7 శాతం, దేశంలోనే టాప్. ప్రైవేట్ హాస్పిటళ్ళలో అయితే 81.5 శాతం, గవర్నమెంట్‌లో కూడా 44.5. అంటే ప్రైవేట్‌లో అయిదు కాన్పుల్లో నాలుగు ఆపరేషన్లే. ఇలాంటి ఊళ్ళో కూర్చుని "ఇండక్షన్ వల్ల సిజేరియన్ పెరుగుతుందా తగ్గుతుందా" అని విదేశీ స్టడీ తీసి చదివితే ఆ స్టడీలో ఉన్న హాస్పిటలూ మనం వెళ్ళే హాస్పిటలూ ఒకటేనా అని ముందు చూసుకోవాలి కదా.

అందరూ చూపించే స్టడీ అమెరికాది, పేరు అరైవ్, 2018లో వచ్చింది. ఏ రిస్కూ లేని తొలి కాన్పు అమ్మాయిలు 6,106 మందిని రెండు గ్రూపులు చేసి ఒక గ్రూపుకి 39 వారాలకే మందు పెట్టారు, రెండో గ్రూపుని ఆగమన్నారు. మందు పెట్టినవాళ్ళలో సిజేరియన్ 18.6 శాతం, ఆగినవాళ్ళలో 22.2. బీపీ సమస్యలు కూడా మొదటి గ్రూపులోనే తక్కువ, 9.1 కి 14.1. బిడ్డల విషయంలో మాత్రం తేడా ఉందని గట్టిగా చెప్పలేకపోయారు. ఇది చూసి చాలామంది డాక్టర్లు 39కే ఆఫర్ చేయడం మొదలుపెట్టారు, తప్పు అనను, స్టడీ గట్టిదే. కానీ అక్కడ ఆగినవాళ్ళలో కూడా సిజేరియన్ 22 శాతమే అన్నది చూడండి, మన ప్రైవేట్‌లో 81. అంటే ఆ హాస్పిటళ్ళలో మందు పెట్టాక కూర్చుని చూసే అలవాటు ఉంది, లేబర్ రూమ్‌లో మందు పెట్టినవాళ్ళు గడిపిన టైమే సగటున 20 గంటల దగ్గర ఉంది. ఇంకోటి, అర్హత ఉన్న 22,533 మందిలో ఒప్పుకున్నది ఆ 6,106 మందే, మిగతావాళ్ళు మాకొద్దన్నారు. వద్దనడం కూడా లెక్కలోకి వచ్చే నిర్ణయమే అన్నమాట, అక్కడ ఎవరూ వాళ్ళని మూర్ఖులు అనలేదు.

ఇక డేట్ దాటడం గురించి, ఇక్కడ నేను పూర్తిగా డాక్టర్ పార్టీ. డ్యూ డేట్ అంటే చివరి పీరియడ్ మొదటి రోజు నుంచి 280 రోజులు, సరిగ్గా ఆ రోజే పుట్టేవాళ్ళు వందలో నలుగురో అయిదుగురో. కాబట్టి 40 దాటి రెండు రోజులైందని కంగారు అక్కర్లేదు. కానీ 41 వారాలు నిండాక కథ వేరు. డబ్ల్యూహెచ్‌ఓ కూడా 41 వారాలు ఖాయంగా నిండితే మందు పెట్టమనే చెప్తుంది. స్వీడన్‌లో 41కి పెట్టాలా 42 దాకా ఆగాలా అని 2,760 మందితో చేసిన స్టడీని మధ్యలోనే ఆపేశారు, ఆగిన గ్రూపులో 6 మంది బిడ్డలు చనిపోయారు, మందు పెట్టిన గ్రూపులో ఒక్కరూ లేరు. ఆ తర్వాత 2020లో వైద్య పరిశోధనల్ని పోల్చి చూసే కాక్రేన్ సంస్థ వాళ్ళు ఇలాంటి స్టడీలన్నీ కలిపి చూస్తే సుమారు 544 మందికి మందు పెడితే ఒక బిడ్డ ప్రాణం కాపాడినట్టు తేలింది. చిన్న రిస్కే, కానీ ఆ ఒక్కరు ఎవరో ముందు తెలియదు. "అవే వస్తాయి" అనే అమ్మమ్మల మాట 41 దాకా చెల్లుతుంది, ఆ తర్వాత చెల్లదు.

మన ఆడపిల్లల విషయంలో ఇంకో మెలిక ఉంది. లండన్ ప్రాంతంలో లక్షకు పైగా కాన్పుల మీద 2004లో వచ్చిన స్టడీలో తెల్లవాళ్ళకి సగటున 40 వారాలకి కాన్పు అయితే దక్షిణాసియా వాళ్ళకీ నల్లజాతి వాళ్ళకీ 39కే అయింది. దీన్నిబట్టి మనవాళ్ళకి ముందే పెట్టేయాలా? 2021లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ డ్రాఫ్ట్‌లో సరిగ్గా అలాంటి సూచనే చేసింది, ఆసియా, నల్లజాతి వాళ్ళకి 39 నుంచే ఆఫర్ చేయడం ఆలోచించండి అని, చర్మం రంగు చూసి మందు పెడతారా అని గొడవ గొడవ అయింది, ఫైనల్ కాపీలో ఆ ముక్క తీసేశారు. అమ్మాయి అక్కడ, అమ్మానాన్నలు ఇక్కడ ఉన్న ఇళ్ళు మన దగ్గర వీధికి నాలుగు ఉంటాయి కాబట్టి చెప్తున్నా, అక్కడి డాక్టర్ "మీరు ఆసియన్ కాబట్టి" అని మొదలుపెడితే మిగతా కారణాలేంటో కూడా అడగమనండి.

డేట్ కాకుండా గట్టి కారణాలు ఇంకొన్ని ఉన్నాయి: 37 దాటాక బీపీ పెరిగి యూరిన్‌లో ప్రొటీన్ పోతుంటే, షుగర్‌కి ఇన్సులిన్ మీద ఉంటే, ఉమ్మనీరు పోయి గంటలు గడిచినా నొప్పులు రాకపోతే, బిడ్డ ఎదుగుదల ఆగిపోతే. వీటిల్లో ఇంటికెళ్ళి ఆలోచించుకుని వస్తాం అనడానికి పెద్దగా టైమ్ ఉండదు. కానీ "పేగు మెడకి చుట్టుకుంది" అనేది? స్కాన్ రిపోర్ట్‌లో ఆ లైన్ చూసి ఏడ్చేసిన అమ్మాయిలు ఎంతమందో. పుట్టే పిల్లల్లో నలుగురైదుగురిలో ఒకరికి పేగు మెడ చుట్టూ ఉంటుంది, ఎక్కువమంది మామూలుగానే పుడతారు, అదొక్కటే కారణమైతే తొందరపడక్కర్లేదు. "బిడ్డ బరువు ఎక్కువుంది" కూడా అంతే, చివరి నెల స్కాన్‌లో బరువు పది పదిహేను శాతం అటూ ఇటూ అవడం మామూలే, స్కాన్‌లో 3.8 అన్నది తూకంలో 3.3 రావచ్చు. ఉమ్మనీరు తగ్గింది అంటే మాత్రం ఎంత తగ్గింది అని నంబర్ అడగండి, బోర్డర్‌లో ఉండటం వేరు, నిజంగా తగ్గిపోవడం వేరు.

సరే, ఒప్పుకున్నారు, అడ్మిట్ అయ్యారు, ఆ తర్వాత ఏం జరుగుతుందో చాలామందికి ఎవరూ చెప్పరు. ముందు లోపల చెక్ చేసి గర్భసంచి ముఖద్వారం ఎంత మెత్తబడింది, ఎంత తెరుచుకుంది, తల ఎంత దిగింది అని మార్కులేస్తారు, దాన్ని బిషప్ స్కోర్ అంటారు, 1964 నుంచి వాడుతున్న లెక్క. 8 వస్తే సగం పని అయినట్టే. తక్కువుంటే ముందు మెత్తబరచాలి, దానికి జెల్ పెడతారు, లేదా మిసోప్రోస్టాల్ 25 మైక్రోగ్రాముల మాత్రలు గంటల లెక్కన ఇస్తారు, లేదా ఫోలీ ట్యూబ్ వేస్తారు. ఆ ట్యూబ్ ఏంటో కాదు, యూరిన్‌కి వేసేదే, చివర బుడగని ముఖద్వారం లోపల పెట్టి నీళ్ళతో నింపి బయటి కొసని తొడకి ప్లాస్టర్‌తో అంటిస్తారు, కొన్ని గంటలకి ద్వారం తెరుచుకుని బుడగ దానంతట అదే ఊడి కిందికి వస్తుంది, చాలామంది బాత్‌రూమ్‌లో అది ఊడిపడితే ఏదో అయిపోయిందని కేకలు పెడతారు, ఏమీ కాదు, అది పని చేసిందన్నమాట. ఆ తర్వాత ఉమ్మనీటి సంచి పగలగొట్టి సెలైన్‌లో ఆక్సిటోసిన్ అనే నొప్పుల మందు చుక్కలు లెక్కపెట్టి ఎక్కిస్తారు. చుక్కల లెక్క ముఖ్యం, అందుకే ఇంటి దగ్గర ఎవరో ఆర్‌ఎంపీ చేత కాన్పు కాకముందే నొప్పుల సూది వేయించుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. ముందు ఒక సిజేరియన్ అయ్యుంటే మిసోప్రోస్టాల్ అసలు పెట్టకూడదు, పాత కుట్టు విడిపోయే ప్రమాదం ఉంటుంది.

ఇదంతా తొలి కాన్పులో ఒక రోజు పట్టొచ్చు, రెండు రోజులు పట్టొచ్చు. ఇక్కడే మన దగ్గర బండి ఆగిపోతుంది.

మా పిన్ని కూతురిది సరిగ్గా 41 వారాలు, కారణం మీద ఎవరికీ అనుమానం లేదు. సాయంత్రం జెల్, పొద్దున్నే ఇంకో జెల్, మధ్యాహ్నం సంచి పగలగొట్టి డ్రిప్ పెట్టారు, బిడ్డ గుండె కొట్టుకోవడం పొట్టకి కట్టిన బెల్ట్ మీద బాగానే ఉంది. సాయంత్రం అయిదింటికి డాక్టర్ బయటికొచ్చి "చూడండమ్మా, ద్వారం మూడు సెంటీమీటర్ల దగ్గరే ఆగింది, తల దిగట్లేదు, ఇంకెంతసేపు చూద్దాం చెప్పండి" అన్నారు. ఆ ప్రశ్నకి పిన్ని ఏం జవాబు చెప్తుంది? "మీ ఇష్టం మేడం, బిడ్డ బాగుంటే చాలు" అంది, నర్స్ అప్పటికే ఫారం పట్టుకుని నిలబడి ఉంది, బాబాయ్ సంతకం పెట్టేశాడు. ఫైల్ మీద రాసింది ఫెయిల్డ్ ఇండక్షన్ అని. అమెరికా గైనకాలజిస్టుల కాలేజీ 2014లో చెప్పిన దాని ప్రకారం తల్లీ బిడ్డా బాగున్నంతవరకు సంచి పగిలాక డ్రిప్ మీద కనీసం 12 నుంచి 18 గంటలు చూశాకే ఫెయిల్ అనాలి, ఆరు సెంటీమీటర్లు దాటాకే అసలు నొప్పుల స్పీడ్ లెక్క మొదలవుతుంది. ఆ లెక్కన ఆమెది ఫెయిల్ కాదు, టైమ్ అవ్వకముందే పేపర్ లాక్కున్నట్టు.

డాక్టర్లని తిట్టి వదిలేయడం తేలిక, కానీ వాళ్ళ వైపు కూడా ఉంది. ఒకే డాక్టర్ నడిపే నర్సింగ్ హోమ్‌లో పొద్దున ఓపీ, మధ్యాహ్నం ఆపరేషన్లు, రాత్రంతా లేబర్ రూమ్ అంటే ఎవరి వల్ల అవుతుంది? రాత్రి రెండింటికి మత్తు డాక్టర్ రావాలి, పిల్లల డాక్టర్ రావాలి, ఏదైనా తేడా జరిగితే బంధువులు అద్దాలు పగలగొడతారన్న భయం ఉంది. వార్డు బయట మనం తక్కువేం కాదు, పొద్దున దాకా "నార్మలే కావాలి మేడం" అన్నవాళ్ళం రాత్రయ్యేసరికి "పిల్లని ఎంతసేపు ఏడిపిస్తారు, కోసెయ్యండి" అంటాం. ఎపిడ్యూరల్, అంటే నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మత్తు, రాత్రి కూడా దొరికే చోట ఈ కేకలు సగం తగ్గుతాయి, అది లగ్జరీ అనుకుంటాం కానీ మందు పెట్టి తెప్పించే నొప్పులకి అది చాలా అవసరం.

ముహూర్తం సంగతి కూడా చెప్పుకోవాలి. ఇండక్షన్‌తో రోజు కొంతవరకు ఎంచుకోవచ్చు, గంట ఎంచుకోలేం. పొద్దున 9:40కి పుట్టాలంటే దారి ఒకటే, అందుకే నక్షత్రం చూసుకునే ఇళ్ళు ఈ చర్చలోకి రాకుండానే సరాసరి ఆపరేషన్‌కి వెళ్ళిపోతున్నాయి. వాళ్ళని మార్చడం నా వల్ల కాదు, కనీసం 39 నిండకముందు మంచి రోజు వెతక్కండి, బిడ్డకి ఊపిరి ఇబ్బందులు వచ్చే అవకాశం ఎక్కువుంటుంది.

ఓపిక అనేది ఒక్క డాక్టర్ మంచితనం మీద ఉండేది కాదని చూపించిన పని కూడా ఈ ఊరి నుంచే మొదలైంది. ఇక్కడి ఫెర్నాండెజ్ ప్రసూతి హాస్పిటల్ వాళ్ళు మిడ్‌వైఫ్‌లకి ట్రైనింగ్ ఇచ్చి కాన్పు పక్కనే కూర్చునే మనుషుల్ని తయారుచేశారు, 2017లో తెలంగాణ ప్రభుత్వంతో కలిసి కరీంనగర్‌లో నర్సులకి మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. డాక్టర్ ఇంటికెళ్ళినా నొప్పులు పడే మనిషి పక్కన తెలిసిన మనిషి ఒకరుంటే ఇండక్షన్‌కి రెండో రోజు కూడా దొరుకుతుంది. పేట్లబుర్జ్, సుల్తాన్ బజార్ గవర్నమెంట్ ప్రసూతి ఆస్పత్రుల్లో రద్దీ, మంచాల కొరత, మాటల కరుకుదనం అన్నీ ఉన్నాయి, కాదనను, కానీ అక్కడ ఇరవై నాలుగు గంటలూ డ్యూటీ డాక్టర్ ఉంటారు, ఇంటికెళ్ళే తొందర ఉండదు.

కాబట్టి నా లెక్క ఇది. 41 అయితే, లేదా బీపీ లాంటి గట్టి కారణం ఉంటే పెట్టించుకోండి. 39కి ఏ కారణం లేకుండా పెడదామంటే అదీ తప్పు కాదు, కానీ ఓపిక ఉన్న చోట మాత్రమే, అయిదుకి నాలుగు ఆపరేషన్లు అయ్యే చోట ఆ 18 శాతం లెక్క మీకు వర్తించదు. ఆగుదాం అనుకుంటే ఊరికే ఆగడం కాదు, బిడ్డ కదలికలు రోజూ గమనించుకోవాలి, తగ్గాయనిపిస్తే రేపటి దాకా ఆగకుండా ఆ పూటే వెళ్ళాలి, 40 దాటాక డాక్టర్ చెప్పినట్టు ఎన్‌ఎస్‌టీ (బిడ్డ గుండె కొట్టుకోవడం చూసే పరీక్ష), ఉమ్మనీటి స్కాన్ చేయించుకోవాలి.

అడగాల్సినవి మాత్రం 36 వారాలప్పుడే అడిగేయండి: మందు పెట్టాక ఎన్ని గంటలు చూస్తారు, రాత్రి లేబర్ రూమ్‌లో ఎవరుంటారు, ఎపిడ్యూరల్ రాత్రి దొరుకుతుందా, మీ దగ్గర మందు పెట్టిన తొలి కాన్పుల్లో ఎన్ని నార్మల్ అవుతాయి. చివరిదానికి నంబర్ చెప్పకుండా "అవన్నీ మాకు వదిలెయ్యండమ్మా" అంటే అదీ ఒక జవాబే. 36కి అయితే ఇంకో హాస్పిటల్ చూసుకునే టైమ్ ఉంటుంది, 40 మీద నాలుగు రోజులకి ఫైల్ పట్టుకుని వెళ్తే "ఇన్నాళ్ళూ ఎక్కడ చూపించుకున్నారో అక్కడికే వెళ్ళండి" అని కౌంటర్ దగ్గరే తిప్పి పంపేస్తారు.